బొడ్డు పక్కన గాటు

మార్చి 2, ఆదివారం

బ్లేడ్లు తెచ్చిచ్చే ఏజెంటు ఏటా ఒక డైరీ చేతిలో పెట్టి పోతాడు. ఏటా అది అద్దం వెనక దుమ్ము తింటుంది. ఈసారి రాద్దామని కూర్చున్నాను. కటింగు షాపులో నేను నోరు మూసుకుంటే కస్టమర్లు బెంగ పెట్టుకుంటారు, అందుకని తలుపు తీసింది మొదలు ఏదో ఒకటి వాగుతూనే ఉంటాను. కానీ బావ సంగతి మాత్రం ఎవరి ముందూ ఎత్తలేకపోతున్నాను.

బావకి పెద్దపేగులో గడ్డ. మంచిది కాదట. బుధవారం ఆపరేషన్. పొట్ట నిలువునా కోయరట. చిన్న చిన్న కన్నాలు పెట్టి, వాటిలోంచి కెమెరా, పనిముట్లు పంపించి, గడ్డ ఉన్న ముక్క కోసి, బొడ్డు దగ్గర మాత్రం కాస్త పెద్ద కోత పెట్టి బయటికి లాగుతారట. సర్జన్ గారు బొమ్మ గీసి మరీ చూపించారు. "కోత చిన్నది కాబట్టి చీము పట్టే ప్రమాదం తక్కువ. లేదని మాత్రం అనను. మనం చెయ్యి పెట్టేది పేగులో, అది క్రిముల ఇల్లు" అన్నారావిడ. అక్క 'తక్కువ' అన్న మాట పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. నేను 'లేదని అనను' దగ్గర ఆగిపోయాను. బావ మాత్రం బస్సు మళ్ళీ ఎప్పుడు నడపొచ్చని అడిగాడు.

బావ స్కూలు బస్సు డ్రైవరు. ఒళ్ళంతా జుట్టే. కాలర్లోంచి, చేతుల మీంచి, చెవుల్లోంచి కూడా. పిల్లలు ఎలుగుబంటి అంకుల్ అంటారు. అన్నప్పుడల్లా గుర్రుమని వాళ్ళని నవ్విస్తాడు. నేను కత్తి పట్టడం నేర్చుకున్నది ఆయన గడ్డం మీదే. అమ్మా నాన్నా పోయాక అక్క నన్ను తనతో తెచ్చేసుకుంది, అప్పటికి వాళ్ళ పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. నేను పనిలో చేరిన కొత్తలో పొద్దున్నే నా ముందు కూర్చుని, "కొయ్యి బామ్మర్దీ, నాకెలాగూ అందం లేదు" అనేవాడు. మొహం నిండా గాట్లతో బస్సెక్కేవాడు.

ఇప్పుడు బాగా చిక్కిపోయాడు. మొన్న ఆయన బెల్టుకి కొత్త కన్నం పొడిచింది నేనే.

మార్చి 3, సోమవారం

షాపుకి సెలవు. మధ్యాహ్నం బావని షాపుకి తీసుకొచ్చి షట్టర్ సగం దించాను.

మొన్న రక్తం తీస్తున్నప్పుడు ఒక పొడుగు నర్సు చెప్పింది. ఎంత పొడుగంటే గుమ్మం దాటేటప్పుడల్లా అలవాటుగా తల వంచుతుంది. "ఇంట్లో పొట్ట మీద బ్లేడు గానీ రేజరు గానీ పెట్టకండి. జుట్టు తియ్యాల్సొస్తే ఆపరేషన్ గదిలో మేమే మిషన్‌తో కత్తిరిస్తాం. చర్మం గీసుకుపోయి ఉంటే ఆపరేషన్ వాయిదా పడొచ్చు" అంది. బావ బుద్ధిగా తలూపాడు. నేనూ ఊపాను. లోపల మాత్రం నవ్వొచ్చింది. అది కత్తి పట్టడం రానివాళ్ళకి చెప్పే మాట, నాకు చెప్పడమేంటి?

వాళ్ళ మిషన్ సంగతి నాకు తెలుసు. ఎలక కొరికినట్టు అక్కడక్కడా కత్తిరించి వదిలేస్తుంది. బావ అసలే సిగ్గరి. ఎండాకాలంలో ఇంట్లో కూడా బనీను విప్పడు. ఎల్లుండి పదిమంది ముందు చొక్కా విప్పి పడుకోవాలి. కటింగు షాపున్న బావమరిది ఉండి కూడా ఆయన అలా వెళ్ళడమంటే నా పరువేం కాను?

"వద్దన్నారు కదరా" అన్నాడు బావ, కుర్చీలో వెనక్కి వాలుతూ.

"నీ మీద ఇవాళే కొత్తగా కత్తి పెడుతున్నానా?"

"ఆవిడ గట్టిగా చెప్పింది మరి."

"ఆవిడకి నా చెయ్యి తెలీదు. కదలకు."

కదల్లేదు. నురగ పట్టించి, కొత్త బ్లేడు వేసి, బొడ్డు చుట్టూ చర్మాన్ని వేళ్ళతో సాగదీసి పట్టుకుని గీశాను. నున్నగా వచ్చింది. బావ అద్దంలో పొట్ట చూసుకుని, "పెళ్ళికొడుకులా ఉన్నాన్రా" అని సిగ్గుపడ్డాడు. చేతుల జోలికి పోలేదు. చేతులతో వాళ్ళకేం పని?

ఒక్క గాటు పడలేదు. రాసి పెడుతున్నాను.

అక్కకి చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం. అక్కకి డాక్టర్లు చెప్పిందే వేదం. తెలిస్తే ఇద్దరినీ ఉతికి ఆరేస్తుంది.

మార్చి 4, మంగళవారం

ఆసుపత్రిలో చేర్చాం. పేగు ఖాళీ అవడానికి ఏదో మందు తాగించారు. బావకి మంచానికీ బాత్రూముకీ మధ్య తిరగడంతోనే సరిపోయింది. "బస్సుకి కూడా ఇన్ని ట్రిప్పులు వెయ్యలేదురా" అన్నాడు.

అక్క టీ కోసం కిందికి వెళ్ళినప్పుడు పొడుగు నర్సు వచ్చింది. చొక్కా ఎత్తి పొట్ట చూసింది. "ఎవరు షేవ్ చేశారు?" అని అడిగింది.

బావ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఎవరూ చెయ్యలేదండీ. ఆయనకి పొట్ట మీద మొదట్నుంచీ అంతే" అన్నాను.

ఆవిడ బావ చేతులు చూసింది. మళ్ళీ పొట్ట చూసింది. "చేతులు చూస్తే అలా లేదే" అంది.

"ముప్పై ఏళ్ళు స్టీరింగుకి రాసుకుని పొట్ట మీద అరిగిపోయిందండీ" అన్నాను.

నవ్వేసింది. నవ్వుతూనే ఏదో రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ వేళప్పుడు వార్డంతటికీ ఆవిడ ఒక్కతే.

బావకి షుగరు ఎక్కువుందని ఇంతకు ముందొకసారి ఆపరేషన్ వాయిదా వేశారు. ఆ రోజు అక్క ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. మళ్ళీ వాయిదా అంటే తట్టుకోలేదు. అందుకే అలా చెప్పాను.

మార్చి 5, బుధవారం

అయింది. బాగా జరిగిందన్నారు.

మార్చి 7, శుక్రవారం

బావ లేచి నడిచాడు. వచ్చిన ప్రతి డాక్టరూ "గాలి పోయిందా?" అని అడుగుతున్నాడు. పేగు మళ్ళీ పనిలో పడిందని దానితో తెలుస్తుందట. మధ్యాహ్నం పోయింది. బావ వార్డంతా వినేలా ప్రకటించాడు. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళయిందో అది నవ్వి.

షాపులో ఇవాళ అందరికీ చెప్పాను, చిన్న కన్నాల్లోంచి గడ్డ ఎలా తీశారో దువ్వెనతో చూపించి మరీ. పొట్ట నున్నగా గీసి పంపింది నేనేనని మాత్రం చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. గొప్ప కోసం.

మార్చి 9, ఆదివారం

బావకి ఒళ్ళు కాలిపోతోంది. బొడ్డు చుట్టూ ఎర్రబడింది. ముట్టుకుంటే మూలుగుతున్నాడు.

ఆసుపత్రి గాలే అంత. అక్కడ ఎంతమంది రోగులు, ఎన్ని జబ్బులు!

మార్చి 10, సోమవారం

బొడ్డు దగ్గర కుట్లు విప్పారు. చీము. అంత వాసన నేను ఎప్పుడూ చూడలేదు. అక్క అక్కడే నిలబడింది, నేను కిటికీ వైపు తిరిగాను.

సర్జన్ గారు వంగి గాయం చుట్టూ చర్మాన్ని చాలాసేపు చూశారు. సన్నటి ఎర్ర పొక్కులు వరసగా ఉన్నాయి. "ఇది రేజరు పెట్టిన చర్మం. ఎవరు పెట్టారు?" అన్నారు.

"మీ వాళ్ళే పెట్టుంటారు. ఇంట్లో అయితే ఎవ్వరూ పెట్టలేదు" అంది అక్క. తనకి తెలిసిందే చెప్పింది.

"మేం రేజరు వాడమమ్మా. వాడకూడదు."

"మరి ఆయనంతట ఆయనకి రాలిపోయిందా?"

పొడుగు నర్సుని పిలిపించారు. తనేమీ చెయ్యలేదంది. అక్కకి ఒళ్ళు మండిపోయింది. గుమ్మం దాకా వెంటపడి, వరండాలో అందరూ వింటుండగా అరిచింది. పని తొందరలో బరబరా గీకి పడేశావని, నీ మొగుడికైతే ఇలాగే చేస్తావా అని, మనిషి పుట్టుక పుట్టావా అని. అక్క నోటినుంచి అలాంటి మాటలు నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి అంతా విని, నా వైపు తిరిగింది.

"ఆ రోజు మీరున్నారుగా. మీరు చెప్పండి" అంది.

"నాకు తెలీదు" అన్నాను.

మార్చి 11, మంగళవారం

నాకు తెలీదు అన్నాను.

మార్చి 12, బుధవారం

ఇవాళ షాపు తియ్యలేదు. బావకి కట్టు మార్చేటప్పుడు చెయ్యి పట్టుకున్నాను. గాయం కుట్టెయ్యరట, తెరిచే ఉంచి లోపల్నుంచి పూడాలట. మందులో తడిపిన గుడ్డ లోపలికి కుక్కుతారు. వాళ్ళు కుక్కుతున్నంతసేపూ బావ నా వేళ్ళు విరిగిపోయేలా నొక్కాడు. నొక్కితే నొక్కాడు, నాకు హాయిగానే ఉంది.

వాళ్ళు వెళ్ళాక అన్నాను, "చెప్పేస్తాను బావా."

"ఎవరికి?"

"అక్కకి. వాళ్ళకి. అందరికీ."

"నోర్ముయ్." జ్వరంతో గొంతు బొంగురుపోయింది. "నువ్వు చెప్తే ఈ పుండు మానుతుందా?"

"మానదు. కానీ ఆ నర్సు..."

"మీ అక్కకి ఉన్నది ఒక్క తమ్ముడు. నా సంగతి ఎటు తిరుగుతుందో తెలీదు. నేను పోతే దానికి నువ్వుండాలి కదరా. దాని మొహం నువ్వు చూడాలా వద్దా?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన పొట్ట పాడు చేసింది నేను, నా గురించి బెంగపడుతున్నది ఆయన. పైగా నన్ను ఓదారుస్తున్నట్టు, "బాగానే గీశావ్ లేరా, పెళ్ళికొడుకులా" అన్నాడు. ఆ మాటకి బయటికి వచ్చేశాను.

బావే వద్దన్నాడు కాబట్టి చెప్పట్లేదు. నాకోసం కాదు.

మార్చి 13, గురువారం

షాపు తీశాను. ఒకాయన గడ్డం కింద చిన్నగా తెగింది. నేను ఎంత పరధ్యానంలో ఉన్నానో దాన్నిబట్టే తెలుస్తుంది. అలవాటుగా పటిక రాయి అందుకున్నాను. ఆయన గడ్డానికి రుద్దబోయి చెయ్యి ఆగిపోయింది. "ఏమయిందయ్యా, రుద్దు" అంటున్నాడాయన. దూది పెట్టి నొక్కి పంపించేశాను.

మూడో తేదీ సోమవారం నాడు రాసింది అబద్ధం. గాటు పడింది. బొడ్డుకి ఎడమ పక్కన, చిన్నది. నెత్తురు చుక్క లేచింది. బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన చూడకముందే పటిక రాయి తీసి రుద్దేశాను. "చురుక్కుమందేంట్రా?" అన్నాడు. "చల్లగా ఉంటుందిలే" అన్నాను.

ఆ రాయి కుర్చీ పక్కన గిన్నెలో ఉంటుంది. తెగిన ప్రతి గడ్డం మీదా అదే నడుస్తుంది. దగ్గే ముసలాయన గడ్డం, మొటిమల కాలేజీ కుర్రాడి గడ్డం, మెడ మీద సెగ్గడ్డ ఉన్న లారీ డ్రైవరు గడ్డం. పని అయ్యాక అలాగే తడిగా మళ్ళీ గిన్నెలో పడేస్తాను. రెండు రోజుల్లో కోత పెట్టబోయే చోట దాన్ని రుద్దాను.

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరికోసం అబద్ధం రాశాను?

రాయి పారేశాను. గిన్నె కడిగాను. మళ్ళీ కడిగాను.

మార్చి 14, శుక్రవారం

పొడుగు నర్సు వార్డులో లేదు. కట్టు మార్చడానికి వచ్చిన ఇంకో నర్సుని అడిగాను. "ఇంట్లో కూర్చోమన్నారు. రేజరు వాడినట్టు తేలితే తీసేస్తారట" అంది, నా వైపు చూడకుండానే. ఆవిడ అలా చూడకపోవడంతో అందరికీ తెలిసిపోయిందేమో అనిపించింది. ఎవరికీ తెలీదు.

రేపు విచారణ. అక్కని రమ్మన్నారు. అక్క నన్ను వరండా చివరికి తీసుకెళ్ళింది. రోజులుగా సరిగ్గా నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"రేపు నువ్వూ రా. నువ్వు దీంట్లో పనివాడివి. గీకిన చర్మం ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఇది తొందరపడి అడ్డదిడ్డంగా గీకినదేనని వాళ్ళకి నువ్వు చెప్పాలి."

"అక్కా, నేనెందుకు..."

"నేను చెప్తే ఏడుస్తూ చెప్తాను, వినరు. నువ్వు చెప్తే వింటారు. మీ బావకి ఆమాత్రం చెయ్యవా?"

చేస్తానన్నాను.

నన్ను పెంచిన మనిషి నా చేత్తో ఇంకొకళ్ళ మెడ కోయమంటోంది. ఏం చెయ్యమంటోందో దానికి తెలీదు. తెలిసిన నేను సరేనన్నాను.

మార్చి 15, శనివారం

చెప్పేశాను.

ఎలా జరిగిందో రాయాలి. పైన చిన్న గది. పెద్ద బల్ల, దాని వెనక సర్జన్ గారు, నర్సుల మీద పెద్దావిడ, ఆఫీసు మనిషి ఒకాయన. పొడుగు నర్సు బల్లకి ఈ చివర కుర్చీలో కూర్చుంది. మామూలు బట్టల్లో చూస్తే ఎవరో అనుకున్నాను. చాలా చిన్నపిల్ల. కూర్చుంటే అంత పొడుగని కూడా తెలీదు.

ముందు అక్కని అడిగారు. ఇంట్లో ఎవరూ బ్లేడు పెట్టలేదని, తను ఒట్టేసి చెప్పగలనని అంది. ఆ ఒట్టు మాట విన్నాక ఇక కూర్చోలేకపోయాను.

"ఒట్టెయ్యకక్కా. నేనే చేశాను" అన్నాను.

అక్క నా వైపు తిరిగి, అర్థంకానట్టు, "ఏం చేశావ్?" అంది.

ఆపరేషన్‌కి ముందు సోమవారం షాపులో బావకి పొట్ట గీసిన సంగతి చెప్పాను. బావ వద్దన్నాడని, నేనే వినలేదని చెప్పాను. మంగళవారం ఈవిడ అడిగితే అబద్ధం చెప్పి నవ్వించానని చెప్పాను. మధ్యలో ఆఫీసాయన మంచినీళ్ళు నా వైపు జరిపాడు. ఆ గ్లాసు ముట్టుకోవడానికి కూడా సిగ్గేసింది.

సర్జన్ గారు, "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు.

"లేదండీ" అన్నాను. మళ్ళీ నేనే, "ఉందండీ" అన్నాను. పటిక రాయి సంగతి చెప్పాను. అది ఎవరెవరి గడ్డాల మీద నడిచిందో కూడా చెప్పాను. పెద్దావిడ కళ్ళు మూసుకుంది. రేజరు గురించి చెప్పినప్పుడు లేని సిగ్గు అప్పుడొచ్చింది. ఇన్నేళ్ళుగా నా దగ్గర గీయించుకున్న వాళ్ళందరూ ఆ గదిలో కూర్చుని వింటున్నట్టనిపించింది.

"రేజరు ఎంత నేర్పుగా పెట్టినా కంటికి కనపడని గాట్లు పడతాయి. కోతకి ముందు ఒకటి రెండు రోజులు చాలు, అందులో క్రిములు కాపురం పెట్టేస్తాయి. నేర్పు తక్కువని కాదు మేం వద్దనేది" అన్నారు సర్జన్ గారు. కోప్పడుతున్నట్టు లేదు. అలసిపోయినట్టుంది.

"అయితే ఇది నావల్లేనా అండీ?"

"తెలీదు. చీములో చర్మం మీద ఉండే క్రిములూ ఉన్నాయి, పేగులో ఉండేవీ ఉన్నాయి. ఇలాంటి ఆపరేషన్‌లో మేమెంత జాగ్రత్తపడినా కొందరికి వస్తుంది. మీరు గీయకపోయినా వచ్చేదేమో. గీశారు కాబట్టి ఇక అది ఎప్పటికీ తేలదు."

అవునని చెప్తే తల వంచుకునేవాణ్ని. కాదంటే బతికిపోయేవాణ్ని. ఆవిడ రెండూ ఇవ్వలేదు.

తర్వాత ఆవిడే, "బల్ల మీద పడుకోబెట్టాక నేనూ చూశాను. మా వాళ్ళు మిషన్‌తో తీశారేమో అనుకున్నాను. అడగాల్సింది, అడగలేదు" అన్నారు. ఆఫీసాయన అది రాయాలా వద్దా అన్నట్టు చూశాడు. రాయమన్నారు.

అప్పుడు పొడుగు నర్సు నెమ్మదిగా అంది. "నాకు ఆ రోజే తెలుసు మేడం. చేతులు చూశాను, పొట్ట చూశాను. ఈయన జోకేస్తే నవ్వేశాను. మీకు చెప్తే మళ్ళీ వాయిదా వేస్తారు. వీళ్ళక్క ఇంతకు ముందు మెట్ల మీద కూర్చుని ఏడవడం చూశాను. పైగా వార్డులో ఒక్కదాన్నే ఉన్నాను. అందుకని ఈయన చెప్పిందే రాసేశాను."

నేను నిజం చెప్తే ఆవిడ బయటపడుతుందనుకున్నాను. సగమే బయటపడింది. రేజరు మాట కొట్టేశారు. తెలిసి చెప్పనందుకు వార్డులోంచి తీసేసి కింద చీటీలు రాసే చోట వేస్తామన్నారు. చీము బయటపడ్డ రోజే నేను నోరు విప్పి ఉంటే ఆవిడకి పైవాళ్ళ చేత నాలుగు తిట్లతో పోయేది, ఇంతదాకా వచ్చేది కాదు.

అక్క ఎప్పుడు లేచి వెళ్ళిందో చూడలేదు. కుర్చీ ఖాళీగా ఉంది.

మార్చి 16, ఆదివారం

అక్క నాతో మాట్లాడలేదు. బావకి అన్నం తెచ్చింది, నాకూ ఒక గిన్నెలో పెట్టి మంచం మీద ఉంచి బయటికెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

బావ అంతా విని, "వద్దన్నాను కదరా" అన్నాడు. షాపులో కుర్చీలో వాలుతూ అన్న మాటే. ఆ సంగతి ఆయనకి గుర్తులేదు.

మార్చి 17, సోమవారం

జ్వరం తగ్గుముఖం పట్టింది. పుండు అడుగున ఎర్రగా కొత్త కండ వస్తోందట, మంచిదేనట. ఇవాళ నేను కిటికీ వైపు తిరగలేదు. పూర్తిగా చూశాను.

మార్చి 18, మంగళవారం

షాపులో పాత పద్ధతులన్నీ మార్చాను. ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్లేడు ఎప్పుడూ ఉంది. ఇప్పుడు పటిక పొడి చేసి, ఎవరికి కావాలంటే వాళ్ళకి కొత్త దూదితో అద్దుతున్నాను. "ఏంటి, షాపు ఆసుపత్రి అయిపోయిందే!" అని ఒకాయన వేళాకోళం చేశాడు. నవ్వాను. నవ్వు ఎంత సులువుగా వస్తుందో చూస్తే నామీద నాకే రోత పుట్టింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "రేపు పొద్దున్న ఆసుపత్రికి రా" అని పెట్టేసింది.

మార్చి 19, బుధవారం

అక్క మంచి చీర కట్టుకుని వచ్చింది. బావ దగ్గరికి కాకుండా నేరుగా కింద చీటీలు రాసే చోటికి నడిచింది. పొద్దున్న వేళ, జనం బారులు తీరి ఉన్నారు. అద్దం వెనక పొడుగు నర్సు కూర్చుని చీటీలు రాస్తోంది. అక్క వరసలో నిలబడింది. నేను దాని వెనక నిలబడ్డాను. మా వంతు వచ్చేదాకా అక్క వెనక్కి తిరగలేదు.

మా వంతు వచ్చింది. నర్సు తలెత్తి చూసి బిగుసుకుపోయింది.

"మీరొకసారి బయటికి వస్తారా అమ్మా? ఇక్కడ అద్దం అడ్డంగా ఉంది" అంది అక్క.

"ఇక్కడే చెప్పండి."

"అందరి ముందూ అన్నాను కదమ్మా. అందరి ముందే చెప్పుకోవాలి."

ఆవిడ లేచి పక్క తలుపులోంచి వచ్చింది. గుమ్మం దగ్గర తల వంచింది. అక్క అక్కడే, వరసలో వాళ్ళంతా చూస్తుండగా, రెండు చేతులూ జోడించింది. అక్క ఎవరికీ చేతులు జోడించే మనిషి కాదు. నన్ను పెంచడానికి చుట్టాల సాయం కూడా అడగలేదు.

"ఆ రోజు మిమ్మల్ని అనరాని మాటలన్నాను. మీ మొగుణ్ని కూడా లాగాను. మీరు చెయ్యలేదు. మా తమ్ముడు చేశాడు. వీణ్ని పెంచింది నేను కాబట్టి, వీడి తప్పు నా తప్పే. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను."

వరసలో ఎవరో గొణిగారు, ఏమైందట అని. నేను ముందుకొచ్చి ఏదో అనాలనుకున్నాను. అక్క జోడించిన చేతుల్నే చూస్తూ నిలబడిపోయాను.

నర్సు ఏడవలేదు, కోప్పడలేదు. అక్క చేతులు పట్టుకుని దించింది. "ఆయనకి జ్వరం తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందంటే తలూపి లోపలికి వెళ్ళిపోయింది. నా వైపు చూడలేదు. చూడకపోవడమే న్యాయం.

మెట్లెక్కుతూ మధ్యలో అక్క ఆగింది. రైలింగు పట్టుకుని ఊపిరి తీసుకుంది. అప్పుడు మాట్లాడింది, ఇన్నాళ్ళకి.

"నువ్వు బావకి గీసినందుకు నాకు కోపం లేదు. ప్రేమతోనే చేసుంటావు. చెప్పనందుకు కూడా లేదు. భయపడ్డావు. నేనైనా నిన్ను కాపాడ్డానికి అబద్ధమే చెప్పేదాన్నేమో."

"మరి?"

"ఆ పిల్లని నేను అన్నన్ని మాటలంటుంటే, నువ్వు నా పక్కనే నిలబడి విన్నావు. నన్ను ఆపలేదురా నువ్వు."

అంతే అంది. మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేనూ పైకి వెళ్ళాను. బావ లేచి కూర్చుని ఉన్నాడు. అక్క ఆయనకి గంజి తాగిస్తోంది. నాకు స్టూలు జరిపింది, కూర్చున్నాను.

ఆపలేదు. నిజమే. ఎందుకు ఆపలేదో ఇప్పుడు రాస్తున్నాను, ఈసారి అబద్ధం లేకుండా. అక్క గొంతు చించుకుంటున్నంతసేపూ నాకు లోపల హాయిగా ఉండింది. ఆ తిట్లన్నీ నావే, వేరే మనిషి తింటోంది అని. ఇంకా కాసేపు అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

ఇది మాత్రం అక్కకి చెప్పలేదు.